ఊదారంగు పెన్ను, నీలంరంగు మీట

2023 మార్చి 13. కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాలు కలిసిన పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానానికి ఎమ్మెల్సీ (శాసనమండలి సభ్యుని) ఎన్నిక. అనంతపురంలో మా పోలింగు కేంద్రంలో చేతికిచ్చిన బ్యాలెట్టు కాగితం మడత విప్పితే బల్ల దాటి కిందికి వేలాడింది. దాదాపు యాభై మంది పేర్లు, పక్కన ఫొటోలు. గుర్తులు లేవు. కాగితంతో పాటు ఒక ఊదారంగు స్కెచ్ పెన్ను ఇచ్చారు. దానితో టిక్కు పెట్టకూడదు, సంతకం చేయకూడదు, అంకెలే వేయాలి. బాగా నచ్చినవారికి 1, ఆ తరువాత నచ్చినవారికి 2, ఓపిక ఉన్నంతవరకు 3, 4, 5. నాకంటే ముందు లోపలికి వెళ్ళిన పెద్దాయన ఎంతకీ బయటికి రాలేదు. అధికారి రెండుసార్లు దగ్గాడు. చివరికి ఆయన వచ్చి, పెట్టెలో కాగితం దూర్చి, "పదకొండు దాకా వేశాను. ఆ పైన ఎవరైనా ఒకటే" అన్నారు.

14 నెలల తరువాత, మళ్ళీ 13వ తేదీనే, 2024 మేలో, అదే ఊరివాళ్ళం శాసనసభకు, లోక్‌సభకు ఓటు వేశాం. ఈసారి పెన్ను లేదు, నీలంరంగు మీట ఉంది. నొక్కగానే ఒక కూత, అంతటితో సరి. పదకొండు మంది గురించి ఆలోచించగలిగిన ఆ పెద్దాయనను ఆ యంత్రం అడిగింది ఒక్క పేరే. రెండో ఇష్టం గురించి దానికి అవసరం లేదు.

"ఎవరొచ్చినా ఇంతే" అనే మాట కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో రెండు ఎన్నికల మధ్య కాలమంతా వినిపిస్తుంది. ఎన్నికలు రాగానే అదే నోటితో "ఈసారి వీళ్ళను దించాలి" అంటారు. మొదటి మాట నిజంగా నమ్మితే మూడో పార్టీ పుట్టాలి. పుట్టదు, పుట్టినా నిలవదు. ఎందుకని అడిగితే డబ్బు, కులం, ఫ్యాక్షన్, జనంలో చైతన్యం లేకపోవడం అని నాలుగు కారణాలు చెబుతారు. మొదటి మూడూ ఉన్నవే. నాలుగోది నేను ఒప్పుకోను. ఇక్కడి ఓటరు చాలా ఎక్కువగానే ఆలోచిస్తాడు. అంతగా ఆలోచించి చివరికి రెండు పెద్ద పార్టీల్లో ఒకదాని మీటే నొక్కుతాడు. అలా నొక్కించేది అతని అమాయకత్వం కాదు, ఓట్లు లెక్కించే పద్ధతి.

విసుగు ఉందా అంటే అంకెలు చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 శాసనసభ స్థానాలు. 2014లో తెలుగుదేశానికి 12, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2. 2019లో అదే లెక్క తలకిందులై వైఎస్సార్ కాంగ్రెస్‌కు 12, తెలుగుదేశానికి 2. 2024లో కూటమికి పద్నాలుగుకు పద్నాలుగు. కర్నూలులోనూ పద్నాలుగే. 2019లో అన్నీ వైఎస్సార్ కాంగ్రెస్‌వే, ఐదేళ్ళకు మిగిలినవి ఆలూరు, మంత్రాలయం. కడపలో పదికి పది గెలిచిన పార్టీ మూడుకు దిగింది. (ఉరవకొండలో గెలిచిన పార్టీకి రాష్ట్రంలో అధికారం దక్కదని ఏళ్ళ తరబడి చెప్పుకొనే మాట కూడా 2024లో తప్పిపోయింది. అక్కడ గెలిచిన పయ్యావుల కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు.) పార్టీని ప్రేమించే ఓటర్లు ఇలా ఊగరు. పైగా విసుగెత్తి ఇంట్లో కూర్చున్నవాళ్ళు కూడా తక్కువే. 2024లో రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటింది. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి (కూలి పనుల కోసం వలస) వెళ్ళే కుటుంబాల్లో ఓటు కోసం దారి ఖర్చులు పెట్టుకుని ఊరికి తిరిగి వచ్చేవాళ్ళున్నారు. అంత దూరం వచ్చి వాళ్ళు చేసే పని, ఉన్నవాళ్ళను దించి లేనివాళ్ళను ఎక్కించడం. విసుగు చూపించుకోవడానికి వాళ్ళకు మిగిలిన దారి అదొక్కటే.

ఈ ఊపును మన పద్ధతి మరింత పెద్దది చేసి చూపిస్తుంది. 2019లో తెలుగుదేశానికి రాష్ట్రంలో 39 శాతం పైచిలుకు ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ 39 శాతం పైచిలుకే, సీట్లు 11. పదిమందిలో నలుగురు కావాలన్న పార్టీకి 175 మంది సభలో ఓ మూల దక్కింది. సభలో పదో వంతు బలం, అంటే 18 సీట్లు, లేవన్న కారణంతో ప్రతిపక్ష హోదా కూడా రాలేదు. ప్రతి నియోజకవర్గంలో మిగతావారికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే విజేత. ఓడినవారికి పడ్డ ఓట్లు ఎన్నైనా ఆ సాయంత్రంతో సరి.

కాస్త బలమున్న రెండో పార్టీకే ఈ గతి పడితే మూడోవాడి సంగతి చెప్పాలా?

1950లలో మారిస్ డ్యువర్జే అనే ఫ్రెంచి పండితుడు దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు. ఒక్క స్థానానికి ఒక్క విజేత, ఒక్క ఓటు ఉన్నచోట పోటీ క్రమంగా ఇద్దరి మధ్యకే వస్తుందని. మనవాళ్ళు ఆ పేరు వినకుండానే దాన్ని రెండు ముక్కల్లో చెబుతారు: "ఓటు చీలుతుంది", "ఓటు వృథా". చీలుతుందని పార్టీలు భయపెడతాయి, వృథా అవుతుందని ఓటరు తనకు తానే చెప్పుకుంటాడు. 2024 కడప లోక్‌సభ ఫలితం దీనికి మంచి ఉదాహరణ. గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థికి, రెండో స్థానంలోని తెలుగుదేశం అభ్యర్థికి మధ్య తేడా 62 వేల పైచిలుకు. మూడో స్థానంలో నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థి షర్మిలకు వచ్చినవి లక్షా నలభై వేలకు పైగా. ఆ లక్షా నలభై వేల మంది రెండో ఇష్టం ఎవరన్నది ఫలితాన్ని మార్చగల ప్రశ్న. యంత్రం వాళ్ళను అది అడగలేదు కాబట్టి జవాబు ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి తెలుగుదేశం అభిమాని ఒకలా, వైఎస్సార్ కాంగ్రెస్ అభిమాని మరోలా లెక్క చెబుతూనే ఉన్నారు. డిపాజిట్ నిలబెట్టుకోవాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఆ లెక్కన లక్షా నలభై వేలు కూడా చాలలేదు.

పదకొండు ఓట్లు ఎవరివి?

పల్లెలో దీనికి ఇంకో మెలిక ఉంది, విశ్లేషణల్లో దీని గురించి పెద్దగా కనిపించదు. కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు బూతుల కాగితాలను కలగలిపి లెక్కించే వీలుండేది. ఇప్పుడు ఏ బూతు యంత్రం ఆ బూతుదే. లెక్కింపు గదిలో ఏజెంట్లు బూతువారీగా అంకెలు రాసుకుంటారు, ఆ తరువాత ఎన్నికల అధికారులూ బూతువారీ పట్టిక విడుదల చేస్తారు. చిన్న ఊరు, ఒకే బూతు, తొమ్మిది వందల ఓట్లు అనుకుందాం. అందులో ఒక కొత్త గుర్తుకు పదకొండు పడ్డాయి. ఆ పదకొండు ఎవరివో ఊళ్ళో పెద్ద మనుషులు మధ్యాహ్నం భోజనాలకు ముందే తేల్చేస్తారు. తేల్చింది తప్పయినా సరే, నష్టం నష్టమే. రెండు పెద్ద పార్టీల్లో ఒకదానికి వేస్తే నాలుగు వందల మందిలో కలిసిపోవచ్చు. మూడోవాడికి వేస్తే రచ్చబండ మీద ఒంటరిగా నిలబడ్డట్టే. వర్గాల పేరుతో ఇళ్ళు తగలబడ్డ చరిత్ర ఉన్న ఊళ్ళలో ఇది చిన్న విషయం కాదు. పద్నాలుగు బూతుల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. అది ఇంకా కాగితం మీదే ఉంది.

స్వతంత్రంగా నిలబడేవారి కష్టం వేరు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే వారికి గుర్తు దక్కుతుంది. అప్పటికి పోలింగుకు మిగిలేది రెండు వారాలు. ఆ రెండు వారాల్లో గ్యాస్ పొయ్యో, కుక్కరో, టార్చిలైటో తన గుర్తని రెండు మూడు వందల బూతుల పరిధిలో చెప్పుకోవాలి, ప్రతి బూతులో తన తరఫున పొద్దుట నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఏజెంటును వెతుక్కోవాలి. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. యంత్రం మీద కూడా ముందు గుర్తింపు పొందిన పార్టీల పేర్లు, తరువాత గుర్తింపు లేని పార్టీలవి, అట్టడుగున స్వతంత్రులు.

ఆ అట్టడుగుకూ కింద నోటా ఉంటుంది. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. 2019లో మన రాష్ట్రంలో కాంగ్రెస్, బీజేపీలు విడివిడిగా తెచ్చుకున్న ఓట్లకంటే నోటాకు పడ్డవే ఎక్కువ. ముచ్చటగానే ఉంటుంది, కానీ ఫలం సున్నా. నూటికి తొంభై మంది నోటా నొక్కినా మిగతా పదిలో ఎక్కువ తెచ్చుకున్నవారే ఎమ్మెల్యే. అది కోపాన్ని నమోదు చేస్తుంది, ఎవరినీ ఆపదు.

గెలిచిన ప్రత్యామ్నాయాలు

మరి ఈ పద్ధతిలో కొత్తవాళ్ళు ఎన్నడూ గెలవలేదా? గెలిచారు. 1952లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి సాక్షాత్తూ నీలం సంజీవరెడ్డినే ఓడించారు. అదే ఏడాది కడప లోక్‌సభ స్థానం కమ్యూనిస్టు పార్టీకి చెందిన ఎద్దుల ఈశ్వరరెడ్డిది. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో రాష్ట్రాన్ని గెలిచింది. 2011 మేలో కడప ఉపఎన్నికలో జగన్‌మోహన్ రెడ్డి ఐదు లక్షల నలభై వేలకు పైగా ఆధిక్యంతో నెగ్గారు. అప్పటికి వైఎస్సార్ కాంగ్రెస్ పుట్టి కొన్ని నెలలే.

ఈ విజయాలన్నిటిలో ఒక పోలిక ఉంది. వీళ్ళెవరూ మూడోవారుగా గెలవలేదు. 1952లో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచే స్థానం ఖాళీగా ఉంది, కమ్యూనిస్టులు అందులో నిలబడ్డారు. 1983లోనూ అదే ఖాళీ. రాష్ట్ర విభజన తరువాత కాంగ్రెస్ కూలిపోతే ఆ ఇంట్లోకి ఆ సామానుతోనే, ఆ మనుషులతోనే వైఎస్సార్ కాంగ్రెస్ దిగింది. అంటే ఈ పద్ధతిలో ప్రత్యామ్నాయానికి ఒకటే తలుపు: ఉన్న ఇద్దరిలో ఒకరు పడిపోవాలి. ఇవాళ జనం విసిగిపోయిన రెండు పార్టీలూ ఒకనాటి ప్రత్యామ్నాయాలే. వాటి పుట్టుకను తలచుకుని "మళ్ళీ అలాంటిది ఒకటి రావాలి" అనేవాళ్ళు ఈ ముక్క మరిచిపోతుంటారు.

ఇద్దరూ గట్టిగా ఉన్నప్పుడు వచ్చినవారి కథ వేరు. 2008లో తిరుపతిలో పుట్టిన ప్రజారాజ్యం 2009లో 16 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకుంది. ఏ కొలతన చూసినా అది పెద్ద బలం. 294లో దక్కినవి 18 స్థానాలు. రెండేళ్ళకు కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో జనసేనకు ఐదు శాతానికి పైగా ఓట్లు, ఒకే ఒక్క సీటు. గెలిచిన ఆ ఒక్క సభ్యుడూ అధికార పక్షం వైపు నడిచారు. అదే పార్టీ 2024లో కూటమిలో చేరి 21 స్థానాల్లో పోటీ చేసి 21 గెలిచింది. 2019 నుంచి 2024కు వాళ్ళ సిద్ధాంతం మారిందా, ప్రజాదరణ ఇరవై రెట్లు పెరిగిందా? లెక్క అర్థమైంది, అంతే. ఈ పద్ధతిలో మూడో పార్టీ బతకాలంటే మూడో పార్టీగా ఉండటం మానుకోవాలి.

విసుగులో సగం ఓటు వేసే ముందు పుడితే, సగం వేసిన తరువాత పుడుతుంది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిన 23 మంది ఆ తరువాత తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. వారిలో నలుగురు మంత్రులయ్యారు, ఆ నలుగురిలో ఆళ్ళగడ్డ, జమ్మలమడుగు సభ్యులున్నారు. ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉంది, 2003లో సవరించి బిగించారు. కానీ అనర్హత తేల్చాల్సింది స్పీకరు, ఎన్నాళ్ళలో తేల్చాలో ఆ చట్టంలో లేదు. ఆ సభ గడువు తీరేదాకా అది తేలలేదు. జమ్మలమడుగు ఓటరు స్థానంలో నిలబడి చూడండి. ఆదినారాయణరెడ్డి 2004, 2009లో కాంగ్రెస్ తరఫున, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచారు, తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రిగా పనిచేశారు, 2024లో బీజేపీ తరఫున గెలిచారు. ఆలూరులో రెండుసార్లు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నెగ్గి మంత్రి అయిన గుమ్మనూరు జయరాం 2024లో పక్కనే ఉన్న గుంతకల్లులో తెలుగుదేశం తరఫున నెగ్గారు. వారి కారణాలు వారికి ఉంటాయి. ఓటరుకు మాత్రం గుర్తులు మారుతున్నాయి, మనుషులు మారడం లేదని అర్థమవుతుంది.

అదే జమ్మలమడుగు ప్రాంతంలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఇంకొకటి, 2019లో మరొకటి, 2023లో నాలుగోది జరిగాయి. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, పేర్లు మారాయి. మొదటి రాయి నాడు పుట్టిన పిల్లవాడు 2025లో ఓటరయ్యాడు. "ఎవరొచ్చినా ఇంతే" అనే మాటను నిరాశ అని కొట్టిపారేసేవాళ్ళు ఆ రాళ్ళ మధ్య ఒకసారి నడిచి రావాలి.

రెండో అంకె

ఇప్పుడు ఊదారంగు పెన్ను దగ్గరికి వద్దాం. 2023 ఎమ్మెల్సీ లెక్కింపు అనంతపురం జేఎన్‌టీయూలో జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ముందున్నారు. ఎమ్మెల్యే ఎన్నికైతే అంతటితో పటాకులు కాల్చేసి ఇళ్ళకు వెళ్ళేవారు. కానీ ఇక్కడ గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగం దాటాలి. ఎవరూ దాటలేదు. అందుకని అందరికంటే తక్కువ వచ్చినవారిని తప్పించి, వారి కాగితాల మీద 2 అంకె ఎవరికి ఉందో చూసి ఆ కట్టల్లో కలుపుతూ వచ్చారు. తరువాత ఇంకొకరు, తరువాత ఇంకొకరు. ఉపాధ్యాయ సంఘాలు, వామపక్షాలు బలపరిచిన పీడీఎఫ్ అభ్యర్థి దాకా తొలగింపు వచ్చేసరికి పరిస్థితి మారింది. రెండో ప్రాధాన్యం ఒకరికొకరు వేసుకోవాలని తెలుగుదేశం, పీడీఎఫ్‌లు ముందే బహిరంగంగా చెప్పుకున్నాయి. చివరికి తెలుగుదేశానికి చెందిన భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి 7,500 పైచిలుకు ఓట్లతో గెలిచారు.

గెలిచింది పెద్ద పార్టీయే కదా అంటారేమో. అవును. కానీ పీడీఎఫ్‌కు 1 వేసిన వ్యక్తి ఓటు వృథా కాలేదు, చీలలేదు కూడా. తనకు ఇష్టమైనవారెవరో చెప్పి, ఆ తరువాత ఎవరైతే పరవాలేదో కూడా చెప్పాడు. పెద్ద పార్టీ అతని గుమ్మం ముందుకు వచ్చి రెండో అంకె అడగవలసి వచ్చింది. ఇదే స్థానం నుంచి 2017 దాకా పీడీఎఫ్‌కు చెందిన డాక్టర్ గేయానంద్ ఎమ్మెల్సీగా ఉన్నారు. అవే మూడు జిల్లాలు, ఆ కులాలే, ఆ డబ్బే. ఎమ్మెల్యేగా ఆయన లాంటి మనిషి ఇక్కడ నెగ్గడం ఊహించండి.

ఓటర్లు పట్టభద్రులు కాబట్టే అది సాధ్యమైందన్న వాదన ఉంది. కొంత నిజమే, అయినా నవ్వొచ్చే నిజం. పట్టాలున్నవాళ్ళు కూడా అంకెకు బదులు టిక్కు పెట్టి కాగితాలు పాడుచేసుకుంటారు. చదువుకోని మనిషి ఒకటి, రెండు చెప్పలేడని నేననుకోను. మార్కెట్ యార్డులో ఏ దళారి మొదట, ఏ దళారి తరువాత అన్నది ఉల్లి రైతుకు బాగా తెలుసు. అసలు ఇబ్బంది లెక్కింపుది: రెండు లక్షల ఓట్లను కట్టలు విప్పి కట్టడం రోజుల పని, యంత్రాలను అందుకు మార్చాలి. 1969 రాష్ట్రపతి ఎన్నిక కూడా ఈ పద్ధతిలోదే. తొలి లెక్కలో ఎవరికీ సగం రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి. గిరి చేతిలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఓడిపోయారు. ఆ అభ్యర్థి మన అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డే. ఓట్ల శాతాన్ని బట్టి కొన్ని సీట్లు ఇవ్వాలని 1999లో లా కమిషన్ 170వ నివేదిక చెప్పింది. ఆ దారిలో ప్రతి కులానికీ ఒక పార్టీ పుడుతుందన్న భయం ఉంది, అది ఉత్త భయమేమీ కాదు. అందుకే నాకు అంకెల పద్ధతే నచ్చుతుంది. ఈ మార్పు చేయవలసింది మాత్రం పాత పద్ధతిలో గెలిచినవాళ్ళే. ఆశ ఎంత పెట్టుకోవాలో మీరే చూసుకోండి.

చట్టం మారేదాకా చిన్న ఎన్నికలే దిక్కు. 2021లో తాడిపత్రి పురపాలికలో 36 వార్డులకు తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16 వచ్చాయి. సీపీఐ సభ్యుడు ఒకరు, స్వతంత్రుడు ఒకరు. చైర్మన్ ఎవరన్నది తేల్చింది ఆ ఇద్దరి మద్దతే. వార్డు చిన్నదైతే గుర్తుకంటే మనిషి ముఖం ముందు కనిపిస్తుంది. సర్పంచి ఎన్నికల్లో పార్టీ గుర్తులే ఉండవు.

2023లో ఎన్నికైన ఎమ్మెల్సీ ఆరేళ్ళ గడువు 2029 మార్చిలో ముగుస్తుంది. శాసనసభ ఎన్నికలూ ఆ ఏడాదే రావాలి. కొద్ది వారాల తేడాలో ఈ మూడు జిల్లాల పట్టభద్రుల చేతికి ఊదారంగు పెన్నూ, వేలి కిందికి నీలంరంగు మీటా రెండూ వస్తాయి. పోయినసారి ఓటరు జాబితాలో పేరుంది కదా అని ధీమాగా ఉండకండి. పట్టభద్రుల జాబితాను ప్రతిసారీ కొత్తగా రాస్తారు. ఎన్నికకు ముందు నవంబరు 1 నాటికి పట్టా పుచ్చుకుని మూడేళ్ళు నిండినవాళ్ళు ఫారం-18 మళ్ళీ నింపాలి. మా వీధిలో ఆ పెద్దాయన మొన్న కనిపించి, ఆ ఫారం ఎప్పుడిస్తారని ఇప్పుడే అడుగుతున్నారు.